బూటు లోపలి వాలు

మోకాళ్ల నొప్పిని నేను చాలాకాలం జబ్బు కింద లెక్కపెట్టలేదు. గోదావరిఖనిలో మా కాలనీలో యాభై దాటిన వాళ్లెవరిని కదిపినా మోకాళ్లో నడుమో చెబుతారు. అందుకే నా కుడి మోకాలు మొదటిసారి పట్టేసినప్పుడు ఇంత నొప్పి మందు రాసుకుని, గుడ్డ కట్టుకుని డ్యూటీకి పోయాను. ఇప్పుడు గండం గడిచినట్టే ఉంది కాబట్టి కూర్చుని రాయగలుగుతున్నాను. గడవకముందు రాయమంటే చెయ్యి ఆడేది కాదు. ఆ ఏడాది నన్ను భయపెట్టింది నొప్పి ఒక్కటే కాదు మరి.

నా పేరు ఎస్తేరు. బొగ్గుబాయి మీద ల్యాంపు రూములో పని చేస్తాను. బాయిలోకి దిగే ప్రతి మనిషీ మా కిటికీ దగ్గరికి వచ్చి, తన నంబరు బిళ్ల ఇచ్చి, టోపీకి తగిలించుకునే దీపం తీసుకుపోతాడు. షిఫ్టు అయ్యాక తెచ్చి అప్పజెబుతాడు. అరల్లోంచి దీపం తీయడం, కిటికీ దాకా నడవడం, మళ్లీ అరల దగ్గరికి పోవడం, అంతా సిమెంటు గచ్చు మీద. మా ఆయన బాయి లోపల పనిచేసేవాడు. గుండె ఆగి పోయాడు. ఆయన పోయాక కంపెనీ నాకు ఉద్యోగం ఇచ్చింది. అప్పటికి మా అమ్మాయి కీర్తన బడికి పోతోంది. ఇప్పుడు డిగ్రీ, బీఈడీ అన్నీ అయ్యి, ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. ఇంట్లో మేమిద్దరమే.

అసలు భయం మొదలైంది ఏప్రిల్‌లో.

షేర్ ఆటో దిగి బాయి గేటుకు పోవాలంటే పెద్ద రోడ్డు దాటాలి. బొగ్గు టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి పోయే రోడ్డు అది. ఏళ్ల తరబడి దాటుతున్నదే. ఆ రోజు రెండు బండ్ల మధ్య సందు చూసుకుని బయల్దేరాను. రోడ్డు మధ్యకు వచ్చేసరికి కుడి మోకాలు ఉన్నట్టుండి వదిలేసింది. నొప్పి కూడా లేదు, అదే విచిత్రం. అక్కడ మోకాలే లేనట్టు అయింది. నేను కూలబడిపోయాను. టిఫిను డబ్బా ఎటో దొర్లిపోయింది. తల తిప్పేసరికి టిప్పరు ముందుభాగం ఆకాశమంత కనబడింది. బ్రేకుల చప్పుడు, దుమ్ము. 

డ్రైవరు దూకి వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి.

"ఏందవ్వా, సావనీకి నా బండే దొరికిందా నీకు?" అని అరిచాడు. నేను లేవడానికి చూసి మళ్లీ కూలబడటం చూశాక గొంతు మారిపోయింది. "అయ్యో, లెవ్వలేకపోతున్నవా? ఆగు, ఆగు. నా చెయ్యి పట్టు."

రోడ్డు పక్కన కల్వర్టు గోడ మీద కూర్చోబెట్టి, తన సీసాలో నీళ్లు తాగించాడు.  వెనక బండ్లు హారన్లు కొడుతున్నా వినలేదు.

"మా అమ్మకు గూడ మోకాళ్లు గిట్లనే చేస్తయి. దవాఖానకు పో అవ్వా. ఊకె ఉండకు" అని చెప్పి, దొర్లిపోయిన నా డబ్బా ఏరి తెచ్చి ఒళ్లో పెట్టి పోయాడు.

ఇంట్లో చెప్పలేదు. చెబితే కీర్తన డ్యూటీ మానమంటుందని. ల్యాంపు రూములో నాతో పనిచేసే సమ్మయ్య అన్నకు మాత్రం నా చీర మీది దుమ్ము చూసి తెలిసిపోయింది. మరుసటి రోజు నుంచి నేను ఆ రోడ్డు దాటలేకపోయాను. ఆటో దిగి అక్కడే నిలబడిపోయేదాన్ని. బండ్లేవీ లేకపోయినా అడుగు పడేది కాదు. మోకాలు మళ్లీ ఎప్పుడు వదిలేస్తుందో తెలియదు. నొప్పి అయితే వస్తున్నానని చెప్పి వస్తుంది. ఇది చెప్పి రాలేదు. ఒక ఉదయం తల ఎత్తి చూస్తే సమ్మయ్య అన్న రోడ్డుకు అటువైపు నుంచి ఇటువైపుకు వచ్చి నిలబడి ఉన్నాడు.

"ఛాయ్ తాగుదామని వచ్చిన" అన్నాడు. ఆ దరిదాపుల్లో ఛాయ్ బండి ఏదీ లేదు. ఆ తర్వాత రోజూ అలాగే వచ్చేవాడు. ఒక్కసారి కూడా నా చెయ్యి పట్టుకోలేదు. బండ్లు వచ్చే వైపు తాను నడుస్తూ, నాకంటే నిమ్మళంగా అడుగులు వేస్తూ దాటించేవాడు.

కాలనీలో ఏదీ దాగదు. మే నెలలో కీర్తనకు ఎవరో చెప్పారు. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి వాకిట్లోనే నిలబడి ఉంది.

"టిప్పరు కింద పడబోయినవంట?"

"పడలేదు గదనే."

"పడితే చెప్తుంటివా?" అంది. మర్నాడు నాతో సెలవు పెట్టించి దవాఖానకు తీసుకుపోయింది.

దవాఖాన వరండాలో మేం కూర్చున్న బెంచీ నిండా మోకాళ్లే. పింఛను తీసుకునే ముసలాయనలు చేతికర్ర గడ్డం కింద పెట్టుకుని కునుకు తీస్తున్నారు. నా పక్కన ఒక పెద్దమ్మ మోకాలి మీది కుట్ల గీత చూపించింది. ఆపరేషన్ అయిన కాలు బాగానే ఉందంట, రెండోది కోసం వచ్చిందంట. ఆమె ధైర్యం చెప్పడానికే చెప్పింది. నేను మాత్రం ఆ గీత చూడలేక తల తిప్పుకున్నాను. ఒక్కొక్కరిని పిలుస్తుంటే బెంచీ మీద అందరం ఒక్కో స్థానం ముందుకు జరగాలి. లేవడం, జరగడం, కూర్చోవడం. మోకాళ్ల వాళ్లకు అంతకంటే శిక్ష లేదు. కీర్తన అది గమనించి, నేను లేవకుండా వెనక వాళ్లను ముందుకు పంపి, మా వంతు తాను నిలబడి కాచింది.

డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించాడు. మోకాలి కీలులో బయటి వైపు ఎముకల మధ్య సందు ఉంది. లోపలి వైపు, అంటే రెండో మోకాలికి ఎదురుగా ఉండే వైపు, సందు దాదాపు లేదు.

"లోపలి పక్క అరిగిపోయిందమ్మా. నడిచినప్పుడల్లా బరువంతా అదే పక్క పడుతోంది. కాలు వంకర తిరుగుతోంది, చూసుకున్నారా?"

చూసుకోలేదు. ఇరవై ఏళ్లుగా నా కాళ్లు చీర అంచు కిందే ఉన్నాయి. ఆ రోజు ఇంటికి వచ్చి చీర ఎత్తి అద్దంలో చూసుకుంటే విల్లులా వంగి ఉంది కుడికాలు. నా కాలు కాదేమో అనిపించింది.

ఆపరేషన్ ఇప్పుడే వద్దు, బరువు తగ్గాలి, తొడ కండరం బలపడాలి, మంచిర్యాలలో ఫిజియోథెరపీ చేసే మేడం ఉన్నారు, ఒకసారి చూపించుకోండి అన్నారు. వానలు మొదలైతే పోదాం అనుకున్నాం. అంతలో మా మరిది యోహాను వచ్చాడు.

యోహాను మా ఆయన తమ్ముడు. బాయిలోనే పని. ఆయన పోయిన నాడు శవపేటిక మోసిన దగ్గర్నుంచి మా ఇంటి మంచిచెడ్డలు చూసిన మనిషి. చెడ్డవాడని రాయడానికి నాకు చెయ్యి రాదు. వచ్చి, కుర్చీలో కూర్చుని, చల్లటి నీళ్లు తాగి, నేరుగా విషయానికి వచ్చాడు.

"వదినె, మెడికల్ బోర్డుకు పెట్టుకో. అన్‌ఫిట్ చేస్తే పిల్లకు నౌకరి వస్తది. రిటైర్మెంటు దగ్గరికొస్తే ఆ మోక గూడ పోతది. జల్ది చెయ్యాలె."

మా దగ్గర ఆ సంగతి తెలియని ఇల్లు లేదు. జబ్బుతో పని చెయ్యలేరని బోర్డు తేల్చితే, ఆ ఉద్యోగం పిల్లలకు వచ్చే వీలుంది. నేను కీర్తన వైపు చూశాను.  'వద్దు కాకా' అనలేదు. 'అవును' అని కూడా అనలేదు. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. ఆ బడిలో అది పొద్దంతా నిలబడి చెప్పే చదువుకు వచ్చే జీతం దాని బస్సులకూ బట్టలకూ సరిపోదు. ప్రభుత్వ పరీక్షలు రాసి రాసి అలసిపోయింది. అది నోరు తెరిచి అడిగి ఉంటే నాకు తేలికగా ఉండేది.

టిప్పరు భయం ఇంకా ఒంట్లోంచి పోలేదు. ఎలాగూ పని చెయ్యలేను కదా అనుకుని ఆ వారమే అర్జీ పెట్టాను.

జూలైలో మంచిర్యాల పోయాం. గోదావరి బ్రిడ్జి మీద బస్సు పోతుంటే కింద ఎర్రనీళ్లు. ఫిజియో మేడం చిన్నపిల్ల, కీర్తన కంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. నా కాగితాలు చూసి పక్కన పెట్టి, ఒట్టికాళ్లతో వరండాలో నడవమంది. తాను నేల మీద కూర్చుని వెనక నుంచి చూసింది. మళ్లీ నడవమంది. మళ్లీ. నాకు చెమటలు పట్టాయి. ఇన్నేళ్లలో నా నడకను ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు. పరీక్షలో తప్పుతున్న పిల్లలా అనిపించింది.

తర్వాత ఒక జత మెత్తలు తెచ్చింది. బూటు లోపల పాదం కింద పరిచేవి, ఇన్‌సోల్ అంటారంట. మామూలు మెత్తలా చదునుగా లేదు. చిటికెనవేలు వైపు ఎత్తుగా, బొటనవేలు వైపు పలచగా, వాలుగా ఉంది.

"పాదం బయటి అంచు కొంచెం లేస్తే, మోకాలి లోపలి పక్క మీద పడే బరువు కొంచెం తగ్గుతుందమ్మా. కొంచెమే. అరిగిపోయింది తిరిగి రాదు. కొందరికి నడక హాయిగా ఉంటుంది, కొందరికి ఏ తేడా ఉండదు. మీకు ఎట్లుంటదో వేసుకుంటేనే తెలుస్తుంది."

"గింత అట్ట ముక్కతోని ఏమైతది మేడం?" అన్నాను.

"ఒక్క దీనితోనే కాదు. కుర్చీలో కూర్చుని కాలు చాపే కసరత్తు రోజూ చెయ్యాలి. చెప్పుల్లో ఇది నిలవదు. లేసులున్న బూట్లు కావాలి."

బూట్లు! ఆ మాటకే సగం చచ్చాను. నేను పుట్టి బుద్ధెరిగి చెప్పులు తప్ప వేసుకోలేదు. మంచిర్యాల బజారులో కొట్టువాడు ఆడవాళ్ల బూట్లు తీస్తే మెత్త పెట్టాక పాదం పట్టలేదు. చివరికి మగవాళ్ల నల్ల బూట్లు తీసుకున్నాం. చీర కింద అవి వేసుకుని కొట్లో నాలుగడుగులు వేస్తే, పక్కన గాజులు బేరం చేస్తున్న ఆడవాళ్లు తిరిగి చూశారు. కీర్తన వాళ్ల చూపుకూ నాకూ మధ్య వచ్చి నిలబడింది.

"మస్తున్నయమ్మా" అంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

మొదటి వారాలు చెడ్డవి. తొందరగా బాగుపడాలని, మేడం కొద్దికొద్దిగా అలవాటు చేసుకోమన్నా వినకుండా షిఫ్టంతా వేసుకున్నాను. మోకాలు సంగతి దేవుడెరుగు, చీలమండ బయటి పక్క పుండులా సలపడం మొదలైంది. మడమ మీద బొబ్బ లేచి పగిలింది. వానకు బూట్లు తడిసి, మెత్త నీళ్లు తాగి ఉబ్బింది. ఒకరోజు దీపం పట్టుకుని కిటికీ వైపు తిరుగుతుంటే చీలమండ మడతపడి అరలకు గుద్దుకున్నాను. దీపం చేతిలోంచి జారింది. కిటికీ అవతల షిఫ్టుకు దిగే వాళ్లంతా నిలబడి ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఊరుకోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఇంటికి రాగానే బూట్లు విప్పి వాకిట్లోకి విసిరేశాను.

"నా వల్ల గాదు. కోసుకుంటరో పీకుతరో, నా కాలు గింతే."

కీర్తన బూట్లు ఏరుకొచ్చి, మెత్తలు తీసి, ఫ్యాను కింద ఆరబెట్టింది. ఆదివారం చర్చి మందిరంలో ఆరాధన అయ్యాక నన్ను మళ్లీ మంచిర్యాల లాక్కుపోయింది. మేడం చూసి, కోప్పడకుండా, వాలు తక్కువున్న పలచటి జత ఇచ్చింది. మొదట ఇంట్లో కాసేపు, తర్వాత బజారు దాకా, తర్వాతే డ్యూటీకి అంది. ఇక్కడే ఇంకో చిక్కు. మా ఇళ్లలో బూట్లతో ఎవరు తిరుగుతారు? బండల మీద ఒట్టికాళ్లతో వంట చేస్తుంటే మోకాలు మళ్లీ మొదటికొచ్చేది. అందుకు కీర్తన ఒక గుడ్డ బూట్ల జత కొనుక్కొచ్చి, వాటి అడుగు తడిగుడ్డతో తుడిచి, "ఇవి ఇంట్ల బూట్లు. గడప దాటయి" అని నా ముందు పెట్టింది. రోజూ ఉదయం తన బడికి పోయేముందు కింద కూర్చుని లేసులు కట్టేది, నేను వంగలేనని.

మందిరంలో బూట్లు బయట విప్పాలి. లేసులు కట్టుకోవడానికి వంగలేక నేను రెండు వారాలు ఆరాధనకే పోలేదు. మూడో వారం పోయేసరికి గుమ్మం పక్కన ఒక కుర్చీ వేసి ఉంది. ఎవరు వేశారని అడిగితే ఎవరూ చెప్పలేదు. ప్రతి ఆదివారం ఆ కుర్చీ అక్కడే ఉండేది.

తేడా ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. సెప్టెంబరులో ఒకరోజు షిఫ్టు దిగి ల్యాంపు రూము మెట్లు దిగి వచ్చాక సమ్మయ్య అన్న, "రెయిలింగు పట్టుకోలే నువ్వు" అన్నాడు. వెనక్కి తిరిగి మెట్ల వంక చూశాను. నిజమే, పట్టుకోలేదు. నొప్పి పోలేదు. ఇప్పటికీ పోలేదు. కానీ కాలు వేసిన చోట నిలుస్తుందని ఒక నమ్మకం కలిగింది. అడుగు వేసే ముందు మోకాలిని అడగాల్సిన పని తప్పింది. మెత్త వల్లనా, కసరత్తు వల్లనా, రెంటివల్లా అంటే చెప్పలేను. మా పక్కింటి ఆమె నన్ను చూసి అలాంటివే తెచ్చుకుంటే ఆమెకు ఏమీ తేడా కనబడలేదు, పైగా చీలమండ నొప్పి వచ్చింది. ఆమె అరుగుదల వేరే పక్కనంట. ఇది చదివేవాళ్లకు చెప్పేది ఒకటే: నా మాట విని కొట్లో కొనుక్కోకండి. మీ నడక చూసిన మనిషి ఇస్తేనే వేసుకోండి.

ఆ సాయంత్రం ఇంటి ముందు కూడా మెట్లు అలాగే ఎక్కాను. కీర్తన గుమ్మంలో ఉంది. దాని ముఖం వెలిగింది, వెంటనే ఆరిపోయింది. నేను చూశాను. నేను చూశానని దానికీ తెలిసింది.

దసరా దాటాక బోర్డు పిలుపు వచ్చింది. ఇంకా కొన్ని వారాల గడువుంది. యోహాను మళ్లీ వచ్చాడు.

"వదినె, ఇగ ఆ బూట్లు బంద్ చెయ్. బోర్డు దినం నువ్వు నడిస్తె వాళ్లకే తెల్వాలె. గిప్పుడు నువ్వు దొరసాని లెక్క నడుస్తున్నవ్."

నవ్వుతూనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు కీర్తన బడికి పోయాక, రెండు జతల్లోంచీ మెత్తలు తీసి బియ్యం డ్రమ్ము వెనక పెట్టాను. ఒట్టి బూట్లు వేసుకుని డ్యూటీకి పోయాను. ఇక లేసులు నేనే కట్టుకుంటానని కీర్తనకు చెప్పాను. నా నడక కంటే దాని బతుకు పెద్దది అనుకున్నాను. వారం తిరక్కుండానే పాత నడక తిరిగొచ్చింది. మెట్ల మీద రెయిలింగు, రాత్రిళ్లు మోకాలి కింద దిండు. సమ్మయ్య అన్న రెండు మూడుసార్లు నా పాదాల వైపు చూశాడు. అడగలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం బడి తొందరగా వదిలేస్తే, కీర్తన నాతో కలిసి ఇంటికి పోదామని బాయి గేటు వైపు వచ్చింది. అటు ఆటో దిగింది. నేను ఇటు రోడ్డు అంచున కరెంటు స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాను. మోకాలు మళ్లీ వణుకుతోంది. టిప్పర్లు పోతున్నాయి. ఒక సందు వచ్చింది, దాటలేదు. ఇంకో సందు వచ్చింది, దాటలేదు. అది అటువైపు నుంచి అదంతా చూసింది. తర్వాత పరుగున వచ్చింది. బండ్ల మధ్య నుంచి అది పరుగెత్తుకు రావడం చూసి నా ప్రాణం పోయినంత పనైంది. వచ్చి, ఏమీ అడగకుండా, అక్కడే రోడ్డు పక్కన కూర్చుని నా బూటు లేసు విప్పి లోపల చెయ్యి పెట్టింది.

"ఏవీ?"

నేను కాలు వెనక్కి లాక్కోబోయాను.

"అమ్మా, సోల్స్ ఏవి?"

"ఇంట్ల ఉన్నయి. నీ కోసమే తీసిన."

"నేను అడిగిన్నా?"

"అడగలే. అడగలేకనే గదనే ఇన్ని నెలల నుంచి నీ మొకం గట్లుంది."

అది లేచి నిలబడింది. కళ్లు ఎర్రబడ్డాయి. పక్కనే టిప్పర్లు పోతుంటే గొంతు పెంచి మాట్లాడాల్సి వచ్చింది, దాని మాటలు నాకు ఇప్పటికీ అంత గట్టిగానే వినబడతాయి.

"అవును, నాకు కావాలె నౌకరి. నువ్వు మెట్లెక్కుతుంటే నాకు సంబురం గాలే, భయమైంది. అయ్యో మా అమ్మ మంచిగైతుంది అని భయమైంది. గిసొంటి బుద్ధి నాకెట్లొచ్చిందని ఎన్నిసార్లు ఏడ్చిన్నో నీకు తెల్వదు. బాపు సచ్చిపోతే నీకొచ్చింది నౌకరి. నువ్వు కుంటిదానివైతే నాకొస్తది. తర్వాత నాకేం గావాలె, చెప్పు? నా బిడ్డకు నౌకరి రావాలంటె నాకేం గావాలె?"

 అది నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. ఇంటికి పోయాక బియ్యం డ్రమ్ము వెనక నుంచి మెత్తలు తానే వెతికి తీసి, బూట్లలో పెట్టి, నా ముందు ఉంచింది. ఆ పూట ఇద్దరం అన్నం సరిగ్గా తినలేదు. మర్నాటి నుంచి లేసులు కట్టడానికి మళ్లీ కింద కూర్చునేది. కట్టేది, లేచి పోయేది. మాట మాత్రం పొడిపొడిగా ఉండేది.

బోర్డు రోజు వచ్చింది. పెద్ద దవాఖాన ఉన్న ఊరికి బస్సులో పోయాం, యోహాను కూడా వచ్చాడు. నా కాళ్లకు బూట్లు చూసి అతని ముఖం మాడిపోయింది. కీర్తన, "ఉండనీ కాకా" అంది. 

ఆ వరండాలో కూర్చున్నవాళ్ల మౌనం మామూలు దవాఖాన మౌనం కాదు. ప్రతి మనిషి పక్కనా ఒక కొడుకో కూతురో ఉన్నారు. జబ్బు ఉందని తేలితే బతుకు, లేదని తేలితే దిగులు. ఎదురు బెంచీ మీద ఒకాయన ఆయాసంతో దగ్గుతున్నాడు, కొడుకు వీపు నిమురుతున్నాడు. ఆ కుర్రాడి కళ్లలో నేను కీర్తన ముఖమే చూశాను. ఎవరినీ తప్పుపట్టాలనిపించలేదు.

లోపల ముగ్గురు డాక్టర్లు. బూట్లు విప్పి నడవమన్నారు. నడిచాను, కుంటుతూనే. వేసుకుని నడవమన్నారు. నడిచాను. మధ్యలో కూర్చున్న పెద్ద డాక్టరు ఎక్స్‌రే చూస్తూ అడిగాడు.

"డ్యూటీ చేయగలరా అమ్మా?"

యోహాను దారిపొడుగునా నేర్పిన జవాబు నోటి దాకా వచ్చింది. కీర్తన తలుపు బయట ఉంది, కనబడదు.

"చేస్తున్న సార్. బూట్లేసుకుంటే నడుస్తున్న. పొద్దంత నిలబడితే మాత్రం నాతోని గాదు" అన్నాను.

కాగితం తర్వాత వస్తుందన్నారు గానీ, పెద్ద డాక్టరు నోటితోనే చెప్పేశారు: ఫిట్, కూర్చుని చేసే పని ఇవ్వమని రాస్తాం. థాంక్స్ సార్ అన్నాను. థాంక్స్ ఎందుకో నాకే తెలియలేదు.

బయటికి వచ్చి చెప్పాను. యోహాను తల పట్టుకుని, "నేను ఛాయ్ తాగొస్త" అని పోయాడు. కీర్తన బాత్రూముకు పోయి చాలాసేపు రాలేదు. వచ్చేసరికి ముఖం కడుక్కుని ఉంది, చున్నీ అంచు తడిగా ఉంది.

"ఆకలైతుందా?" అని అడిగింది.

బస్సులో అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది.  నిజం చెప్పమని దాని మాటలే నాకు చెప్పాయి. అయినా నిజం చెప్పినందుకు దానికి నా మీద కోపం లేకుండా ఎలా ఉంటుంది? రెండూ న్యాయమే అనిపించింది. గోదావరిఖని బస్టాండులో యోహాను తన దారిన పోయాడు. షేర్ ఆటోల కోసం మేం చౌరస్తా దాకా నడవాలి.

కీర్తన బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని నడవడం మొదలుపెట్టింది. కోపంగా, దుఃఖంగా, పెద్దపెద్ద అడుగులతో. ఆ ఏడాదంతా అది నాతో నడిచిన ప్రతిసారీ నా అడుగు చూసి తన అడుగు వేసేది. ఆ సాయంత్రం మాత్రం నా మోకాలి సంగతి దానికి గుర్తులేదు. నేను పిలవలేదు. నిమ్మళంగా పోదామనలేదు. దాని వెనకాలే నడిచాను. పండ్ల బండ్లు దాటి, షిఫ్టు వదిలిన మనుషుల గుంపులోంచి, దాని తడి చున్నీ అంచు కంటికి ఆనేలా చూసుకుంటూ. మోకాలు సలుపుతోంది. సలపనీ అనుకున్నాను.

చౌరస్తాలో అది ఆగింది. అప్పుడు గుర్తొచ్చినట్టుంది. గభాలున వెనక్కి తిరిగింది, దూరంగా, బస్టాండు వైపు, గుంపులో నా కోసం కళ్లతో వెతికింది. ముఖంలో భయం.

"ఈడనే ఉన్న" అన్నాను, దాని భుజం పక్క నుంచి.

ఉలిక్కిపడింది. నా ముఖం చూసింది, పాదాలు చూసింది, మళ్లీ ముఖం చూసింది.

"ఎప్పుడొచ్చినవ్?"

"నీ ఎన్కనే వచ్చిన."